ఎర్ర కారు ఏరియల్

శాంతికుమార్ గారి ఎర్ర కారుకు, అదే కాంపౌండులో వెనక గదిలో ఉంటున్న ముగ్గురు మనుషులకన్నా మంచి బట్టలున్నాయి. ఎండకొకటి, వానకొకటి, ఆ రెంటి అడుగున పెయింటు మీద గీత పడకుండా మెత్తటి బనీను గుడ్డది ఇంకొకటి. వాటిని వారానికోసారి ఉతికి ఆరేసేది స్వరూప. తీసేది, మడిచేది, మళ్ళీ తొడిగేది ఆమె మొగుడు దయాకర్. తొడుగు తీసిన కారును నడిపే హక్కు మాత్రం ఆ ఇంట్లో ఒక్క మనిషికే ఉంది. తాళం చెవి పగలు ఆయన ప్యాంటు జేబులో గొలుసుకు ఉంటుంది, పడుకునేటప్పుడు దిండు కిందికి పోతుంది. నాలుగేళ్ళుగా డ్రైవరని పిలిపించుకుంటున్న దయాకర్ దాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. శాంతికుమార్ తల్లిని ఆస్పత్రికి తీసుకుపోయే తెల్ల కారు నడపడం అతని పని. ఎర్రదాన్ని కడగడమే.

బుధవారం పొద్దున ఆరున్నరకు దయాకర్ మూడు తొడుగులూ తీశాడు. శనివారం యూనివర్సిటీలో పాత విద్యార్థుల కలయిక. శాంతికుమార్ అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ప్రొఫెసరు. తను చదువుకున్నదీ అక్కడే. ఆనాటి బ్యాచ్ వాళ్ళంతా వస్తున్నారు, పాత కార్లున్నవాళ్ళు వాటిని వరసగా నిలబెడుతున్నారు. నెల్లాళ్ళుగా ఆయన ఫోనులో అందరికీ ఒకటే పాట పాడుతున్నాడు. "ముప్పై నాలుగేళ్ళ జపాన్ బండి. స్పోర్ట్స్ కారు. రేడియో పెట్టగానే యాంటెన్నా దానంతటదే లేస్తుంది. చూద్దువుగాని."

ముందు ఆయనే చూశాడు. తాళం తిప్పి రేడియో నొక్కగానే కారు వెనక కుడి రెక్క మీది చిన్న రంధ్రంలోంచి స్టీలు కడ్డీ జానెడు లేచి ఆగిపోయింది. డిక్కీ లోపల ఎక్కడో టకటకటకమని చప్పుడు. కాసేపటికి అదీ ఆగింది. రేడియో ఆపాడు. మళ్ళీ టకటక. కడ్డీ కిందికీ పోలేదు, పైకీ రాలేదు. పళ్ళు తోముకుంటూ మధ్యలో ఎవరో పిలిస్తే నిలబడిపోయిన మనిషిలా ఉంది.

"దయాకర్!"

"సార్."

"ఏం చేశావ్ దీన్ని?"

"నేనేం చేసిన సార్?"

"నన్నడుగుతున్నావా? బండి మీద చెయ్యి వేసేది నువ్వు. గుడ్డ పెట్టి గుంజి ఉంటావు. యాంటెన్నా అంటే నీ ఊళ్ళో గొడ్డలి కర్ర అనుకున్నావా?"

కుళాయి దగ్గర బిందె కింద చెయ్యి పెట్టి స్వరూప చూస్తోంది. చంకలో మూడేళ్ళ జ్యోతి. గుడ్డ పెట్టి గుంజితే వంగుతుందేమో గానీ లోపల ఎందుకు టకటకమంటుంది? కాలేజీ పిల్లలకు మిషన్ల గురించి చెప్పే మనిషికి ఆ చప్పుడు వినబడలేదా? వినబడే ఉంటుంది. వినడానికి ఆ పక్కకు వంగాలి. ఆయన నడుము ఎవరి దగ్గరా వంగదు.

శాంతికుమార్ వరండా వైపు తిరిగాడు. అక్కడ గ్రిల్లు వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఆయన తల్లి సుగుణమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. "అమ్మా, వీడు దీన్ని కడుగుతుండగా చూశావా నువ్వు?"

ఎనభై రెండేళ్ళ సుగుణమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కడగటం చూశాను నాయనా. రోజూ కడుగుతాడుగా."

"విన్నావా?" అన్నాడు శాంతికుమార్, కోర్టులో సాక్ష్యం ముగిసినట్టు.

దయాకర్ పెద్దావిడ వంక ఒకసారి చూశాడు. ఆ తర్వాత కడ్డీ వంక. తల వంచుకుని, "సారీ సార్" అన్నాడు.

స్వరూప చేతిలోంచి బిందె జారి గట్టుకు కొట్టుకుంది.

"సారీ నాకెందుకు? శనివారం పొద్దున పదింటికి ఇది పూర్తిగా లేవాలి. లేవకపోతే నువ్వూ నీ సంసారమూ లేవండి. ఆ గది శుభ్రమైన మనుషులకు ఇచ్చుకుంటాను."

గదిలో సామాను నాలుగడుగులు వేస్తే చేత్తో తడిమేంత. ఒక మంచం, గ్యాసు పొయ్యి, దూలానికి వేలాడే చీర ఉయ్యాల. జ్యోతి ఉయ్యాల వయసు దాటినా అందులో తప్ప నిద్రపోదు. ఆ పగలే అడిక్‌మెట్‌లో అద్దెకడిగిన రెండు గదుల్లోనూ పైన కొక్కెం లేదు. "బ్యాచిలర్లకే ఇస్తం, పిల్లలుంటే గోడలు గీస్తరు" అన్నాడు ఒక ఓనరు, ఆ గోడలకు గీయడానికి జాగా ఉన్నట్టు.

"సారీ ఎందుకన్నవ్?" స్వరూప రొట్టె పిండి మీద పిడికిలితో గుద్దింది. "చేసినవా నువ్వు?"

"లే."

"మరి?"

"అన్న గంతే. పెద్దోళ్ళతోని లొల్లెందుకు?"

"పెద్దోళ్ళు!" ఆమె నవ్వింది, బాగా లేని నవ్వు. "నీకు నోరు అన్నం తినడానికే పెట్టిండు దేవుడు. పోయిన దసరాకు నువ్వు బండికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ కత్తెర పెట్టి కత్తిరిచ్చిండు. 'ఇది సైన్సు ఇల్లు' అన్నడు. అప్పుడు గూడ సారీయే అంటివి. ఇను. మోటారు తిరుగుతున్నది. కడ్డీకి ఏదో అడ్డం పడ్డది. ఏరియల్ ఇప్పుతె అరగంట పని. మా బాపు షాపుల ఎన్ని ఇప్పలే నేను?"

తొమ్మిదో తరగతి సంచి గోడకు తగిలించిన నాటి నుంచి పెళ్ళయ్యే దాకా ఆమె కూర్చున్నది లాలాగూడలో, రైల్వే వర్క్‌షాపు గోడకెదురుగా తండ్రి వెంకటనర్సయ్య ఆటో ఎలక్ట్రిక్ షాపు స్టూలు మీద. బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టిన టెస్టరు పట్టుకుని, బండి కింద నుంచి తండ్రి "ఎలిగిందా?" అంటే "ఎలిగింది" అనడంతో మొదలైన పని అది. ఆ షాపులో యాంటెన్నా అనే మాట ఎవరూ వాడరు. ఏరియల్.

"ముట్టకు" అన్నాడు దయాకర్.

"ఎందుకు?"

"ముట్టకన్న గదా. ఇడిసిపెట్టు స్వరూప. లోపల ఏముంటే మనకేంది? ఆళ్ళే చూసుకుంటరు."

ఇంత పిరికితనం ఏ సంతలో దొరుకుతుందో అనుకుంది స్వరూప. పెనం మీద రొట్టెను మాడేదాకా ఉంచి, ఆ మాడినదే అతని కంచంలో వేసింది. అతను దాన్ని పూర్తిగా తిన్నాడు. అది ఇంకా మండింది ఆమెకు.

గురువారం ఎర్ర కారు జానెడు కడ్డీ బయటపెట్టుకునే యూనివర్సిటీకి పోయింది. శాంతికుమార్ నడిపాడు. పక్క సీటు ఖాళీగా ఉన్నా దయాకర్ బస్సులో రావాలి. అన్నం క్యారియరు పట్టుకుని, పిల్లను చంకనేసుకుని పన్నెండింటికి స్వరూప నడిచొచ్చింది. గేటు దాటాక కూడా ఎండ తగ్గలేదు. చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు ఆమెను చూసి, మళ్ళీ పేజీల్లోకి వెళ్ళిపోయారు.

కాలేజీ వర్క్‌షాపులో లేత్ మిషన్లు దుమ్ము గుడ్డలు కప్పుకుని నిద్రపోతున్నాయి. మధ్యలో ఎర్ర కారు. చుట్టూ నలుగురు రీసెర్చి స్కాలర్లు. వాళ్ళలో పెద్దవాడు ప్రణీత్. అడిక్‌మెట్ లాడ్జిలో ఏడేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. సార్ సంతకం పెడితే అయిపోతుంది. సార్ పెట్టడు, ఎందుకంటే అప్పుడు కారు దగ్గరికి ఎవరు వస్తారు?

తెల్ల బోర్డు మీద ప్రణీత్ డబ్బాలు గీసి బాణాలు వేశాడు. ఒక డబ్బాలో బ్యాటరీ, ఒక దాంట్లో ఫ్యూజు, ఒక దాంట్లో రిలే, చివరి డబ్బాలో యాంటెన్నా. బాణాలన్నీ తిన్నగా ఉన్నాయి. బోర్డు మీద అంతా పనిచేస్తోంది.

"ఫ్యూజ్ మార్చినం సార్. రిలే గూడ మార్చినం" అన్నాడు ప్రణీత్.

"అయితే?"

"సేమ్ సార్."

"సేమ్ అంటే ఏమిటయ్యా? అనాలిసిస్ చెప్పు. ఇన్‌పుట్ ఉంది, అవుట్‌పుట్ లేదు. అంటే?"

నలుగురూ కారు వంక కాక ఆయన మొహం వంక చూశారు. జవాబు అక్కడే ఉంటుందని ఏడేళ్ళలో నేర్చుకున్నారు.

"మోటారు పోయింది సార్" అన్నాడు ప్రణీత్.

"గుడ్. మోటారు పోయింది. వీడు గుంజిన గుంజుడికి మోటారు కాలిపోయింది." గోడ పక్కన నిలబడ్డ దయాకర్ వైపు పెన్ను చూపించాడు. "కొత్తది బయటి దేశం నుంచి రావాలి. ఆరు వారాలు. అంటే శనివారం నేను వాళ్ళందరి ముందు ఈ కట్టెపుల్లతో నిలబడాలి."

"మోటారు బతికే ఉన్నది సార్."

క్యారియరు బెంచి మీద పెడుతూ అంది స్వరూప. అనాలని అనలేదు. షాపులో అలవాటు, తప్పు వింటే నోరు ముందు పోతుంది. అన్నాక పిల్లను గట్టిగా అదుముకుంది. జ్యోతి కుయ్యిమంది.

నలుగురూ తిరిగారు. శాంతికుమార్ కళ్ళజోడు ముక్కు మీదికి దించి, కొత్తగా వచ్చిన పరికరాన్ని చూసినట్టు చూశాడు.

"నువ్వు ఏం చదివావమ్మా?"

"తొమ్మిది."

"తొమ్మిది పాసా?"

"పరీక్ష రాయలే."

"చూశారా?" స్కాలర్లతో అన్నాడు. "రాయని పరీక్షకు కూడా ఆత్మవిశ్వాసం ఉంటుంది. ప్రణీత్, నీ థీసిస్ ఈ అమ్మాయికి ఇచ్చి చూద్దామా? మూణ్ణెల్లలో రాసిపెడుతుంది."

నవ్వారు. ప్రణీత్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. సంతకం రావలసినవాడు కదా.

"మోటారు పోతే సప్పుడు రాదు సార్" అంది ఆమె. "టకటక అన్నది లోపల క్లచ్. కడ్డీ ఎక్కడనో ఇరుక్కుంటె, మోటారు కాలకుండ అది జారుతది. మోటారు తిరుగుతున్నది. కడ్డీనే రానిస్తలేదు ఏదో."

"దయాకర్, నీ భార్యను తీసుకెళ్ళు. పాప ఏదైనా నట్టు మింగుతుంది."

ఆ మాట ఆమెను గెంటేసింది. ఎంత పొగరుగా నిలబడినా ఆ ఒక్క మాటకు చెయ్యి దానంతటదే జ్యోతి నోట్లోకి పోయి చూసొచ్చింది. బయట మెట్ల మీద కూర్చుని మళ్ళీ చూసింది. నోట్లో ఏమీ లేదు, ఎంగిలి బిస్కెట్ తప్ప. లోపల నుంచి ఇంకోసారి నవ్వు వినిపించింది. దేనికో తెలియదు. తన గురించే అనుకుంది. వెనకే వచ్చిన దయాకర్ పిల్లను ఎత్తుకోబోతే ఇవ్వలేదు.

"నువ్వన్న ఒక మాట అనొచ్చు గదా" అంది.

"ఏమనాలె?"

"గదే. ఏమనాలెనో గూడ నేనే చెప్పాలె."

శుక్రవారం పొద్దున ప్రొఫెసరు స్వయంగా రంగంలోకి దిగాడు. తుప్పు వదిలించే స్ప్రే సగం డబ్బా ఆ రంధ్రంలోకి కొట్టాడు. కడ్డీకి గుడ్డ చుట్టి, పట్టకారుతో పట్టి లాగాడు. గుడ్డ పెట్టి గుంజడం అంటే ఏమిటో ఆ కాంపౌండులో మొదటిసారి కనపడింది. కడ్డీ కొద్దిగా వంగింది. ఆయన అటూ ఇటూ చూసి, బొటనవేలితో నొక్కి నిటారు చేశాడు. కిటికీలోంచి స్వరూప చూసింది. ఎవరూ చూడలేదనుకున్నాడు ఆయన. ఇంతేనా ఈ మనిషి అనుకుంది ఆమె. నాలుగేళ్ళు భయపడిందా తను ఇతనికి?

కానీ సంచిలో గిన్నెలు సర్దడం మాత్రం మానలేదు. పెద్దవి అడుగున, గ్లాసులు పైన. ఉయ్యాల చీర ఆఖరున విప్పాలి.

సాయంత్రం నాలుగింటికి ప్రణీత్ స్కూటరు మీద వచ్చాడు. గేటు దగ్గరే సార్‌ను పక్కకు పిలిచి, చెప్పులు నేలకు రాస్తూ మాట్లాడాడు. "సార్, నిన్న మీటర్ పెట్టి రాసుకున్న రీడింగు మీరు పోయినంక మళ్ళ చూసిన. మోటార్ కరెంట్ తీసుకుంటుంది సార్. అంటే... ఆమె చెప్పింది కరెక్టే అనిపిస్తుంది."

"అనిపిస్తుందా, తేలిందా?"

"తేలింది సార్."

శాంతికుమార్ కాసేపు కారు చుట్టూ తిరిగాడు. తెల్లారితే శనివారం, పదింటికి కలయిక. చివరికి వెనక గది వైపు మొహం పెట్టి, పేరు పెట్టకుండా, "ఏమ్మా, నీకు వచ్చంటున్నావుగా, చెయ్యి. పాడవ్వడానికి ఇంకేం మిగిలింది? ఇంకా పాడైతే అది కూడా నీ మొగుడి ఖాతాలోనే" అన్నాడు.

దయాకర్ లేచి ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "వద్దు స్వరూప."

"జరుగు."

"నా మాట ఇను. ఇప్పకు."

"నువ్వు సారీలు చెప్పుకుంట కూసో." భుజంతో అతన్ని పక్కకు తోసి బయటకు వచ్చింది.

పిల్లను వరండాలో సుగుణమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. స్టీలు గిన్నె ఒకటి, దానికి మూత, పాత బనియను గుడ్డ, సీసాలో గుక్కెడు పెట్రోలు. విప్పిన ప్రతి చిన్న వస్తువూ గిన్నెలో వేసి మూత పెట్టాలి. పెట్టాక వరండా వైపు చూడాలి. జ్యోతి ముసలామె కళ్ళజోడు లాగుతోంది. ముసలామె లాగనిస్తోంది. చూపు మాత్రం కారు మీదే ఉంది.

"సార్, మీరు లోపల కూసోండ్రి. నేను చెప్పినప్పుడు రేడియో పెట్టండి, చెప్పినప్పుడు బంద్ చెయ్యండి. చెప్పేదాకా ముట్టకుండ్రి."

"ప్రణీత్ చేస్తాడు."

"తాళం ఇంకెవరికీ ఇయ్యరు గదా సార్ మీరు."

ఎగతాళిగా అనలేదు. ఆయన గొలుసు నుంచి తాళం విప్పి డ్రైవరు సీట్లో ఒదిగాడు. ఆ కారులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

ఆమె ముందు ఆ స్ప్రే జిడ్డునంతా పెట్రోలు గుడ్డతో తుడిచింది. "గీ నూనె కొట్టినోళ్ళెవరో గానీ దుమ్ముకు విందు పెట్టిండ్రు. ఏరియల్‌కు నూనె పెట్టొద్దు, పొడిగుండాలె" అంది, ఎవరితోనూ కాకుండా. కారు లోపల శాంతికుమార్ అద్దం సర్దుకున్నాడు. రెక్క మీద కడ్డీ మొదట్లో ఉన్న గుండ్రటి మరను గుడ్డ అడ్డం పెట్టి పట్టకారుతో విప్పింది. అది గిన్నెలోకి. మూత. వరండా. రంధ్రం చుట్టూ నాలుగు చుక్కలు పెట్రోలు వదిలి, కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని అటు ఇటు మెల్లగా తిప్పుతూ కూర్చుంది. లాగలేదు. పిల్ల జుట్టులో చిక్కు తీసినట్టు తిప్పింది. ప్రణీత్ స్కూటరు మీద నుంచి దిగి దగ్గరకొచ్చి చూస్తున్నాడు.

"పెట్టండి సార్."

టకటకటక.

"బంద్."

మళ్ళీ తిప్పింది. "పెట్టండి." టక, టక. లోపల ఏదో చిరిగిన చిన్న చప్పుడు. కడ్డీ ఆమె చేతిలో బెత్తెడు లేచింది. "బంద్. మళ్ళ పెట్టండి. బంద్ చెయ్యకుండ్రి, బంద్ చెయ్యకుండ్రి, ఉండనియ్యుండ్రి..." మోటారు జుయ్యిమని తిరిగింది. కడ్డీ మొత్తం పైకి వచ్చేసింది, దాని తోకకున్న తెల్లటి నైలాను తాడు పళ్ళతో సహా. మూరలు మూరలుగా పాములా బయటికొచ్చి రెక్క మీద చుట్ట చుట్టుకుంది.

"అబ్బ!" అన్నాడు ప్రణీత్.

కడ్డీ లావు భాగానికి, కింది కొసన ఏదో అతుక్కుని ఉంది. గోధుమ రంగు పీచు. గోటితో తీసింది. అరచేతిలోకి ఒక ముక్క వచ్చింది, తర్వాత ఇంకొకటి. రెండోది నలిగినా దాని మడత చెడలేదు. పేము బుట్ట అల్లినట్టు సన్నటి ఆకు చీలికను నాలుగు మడతలు వేసి చేసిన సిలువ. బొటనవేలి గోరంత.

ఈత మట్ట. మట్టల ఆదివారం నాడు చర్చిలో పంచుతారు. పన్నెండు రోజుల కిందట ఈ ఇంట్లో ప్రతి తలుపుకూ ఒకటి గుచ్చి ఉంది.

సంతోషం ముందు వచ్చింది. ఆమె వేళ్ళు మూసుకున్నాయి, సాక్ష్యం జారిపోకుండా. సైన్సు ఇల్లు! ఇప్పుడు అందరి ముందూ ఈ చెయ్యి తెరిస్తే... తల ఎత్తి ముందు మొగుడి కోసం చూసింది, చూడు అన్నట్టు.

దయాకర్ ఆమె పిడికిలినే చూస్తున్నాడు. అందులో ఏముందో అతను అడగలేదు. తలను అడ్డంగా, చాలా కొద్దిగా, ఊపాడు. తర్వాత అతని కళ్ళు వరండా వైపు పోయి వచ్చాయి.

స్వరూప కూడా చూసింది. సుగుణమ్మ ఒక చేత్తో జ్యోతిని పొట్టకు అదుముకుని, రెండో చేత్తో గ్రిల్లు ఊచ పట్టుకుంది. ఆ చేతి మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. పొట్టి మనిషి, భుజం పైకి చెయ్యి లేవని వయసు. కారు పక్కన నిలబడితే ఆ చెయ్యి కడ్డీ మొదలు దాకానే అందుతుంది, అంతకన్నా పైకి అందదు. ఆకు దొరికిందీ ఆ మొదట్లోనే.

"ఏముంది లోపల?" కారులోంచి శాంతికుమార్.

సారీ సార్ అని బుధవారం దయాకర్ ఎవరిని చూసి అన్నాడో ఇప్పుడు అర్థమైంది ఆమెకు. మాడిన రొట్టె గుర్తొచ్చింది.

"చెప్పవేమ్మా? ఏముంది?"

దుమ్ము సార్ అనొచ్చు. అంటే ముసలామె బతుకుతుంది, దుమ్ము దులపనందుకు దయాకర్ మళ్ళీ దొరుకుతాడు. ఆమె లేచి నడిచి, కారు కిటికీ దగ్గర వంగి, ఆయన ముందు పిడికిలి తెరిచింది.

"మట్టాకు సార్."

ఆయన ఆకును చూశాడు. మెడ వరండా వైపు తిరగడం మొదలుపెట్టింది. "ఎవరు కట్టా..."

"నేనే సార్" అన్నాడు వెనక నుంచి దయాకర్. "నేనే..."

"నువ్వాగు." స్వరూప అతని వైపు చూడకుండానే అంది. "ఎవరు కట్టిండ్రని అడగకుండ్రి సార్. కట్టినప్పుడు ఆకు బయటనే ఉండె. కట్టినందుకు ఏం గాలే. ఏరియల్ మీద ఏమున్నదో చూడకుండ రేడియో బంద్ చేస్తె, అది లోపలికి పోయింది. బంద్ చేసినోళ్ళదే తప్పు." పిడికిలి మళ్ళీ మూసింది. "తాళం ఎవరి దగ్గర ఉంటది సార్?"

ఆయన చెయ్యి రేడియో బటను మీదే ఉంది. తీద్దామని కూడా తోచలేదు. ప్రణీత్ బోర్డు మీద బాణాలు గీసేవాడు కదా, ఈ బాణం ఎక్కడికి పోతుందో వెంటనే తెలిసినట్టుంది. దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్కూటరు దాకా నడిచి వెళ్ళాడు.

మట్టల ఆదివారం నాడు గేటు ముందు బండి ఆపి, రేడియో పాడుతుండగా, తను ఫోనులో యాంటెన్నా గురించే ఎవరికో గొప్పలు చెబుతున్న సంగతి శాంతికుమార్‌కు గుర్తొచ్చిందో లేదో తెలియదు. తల్లి ఎటు నుంచి దిగిందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

"నైలాను పళ్ళు రెండే అరిగినయి, నడుస్తది" అంది స్వరూప, వెనక్కి పోయి కూర్చుంటూ. కడ్డీని, తాడును పొడి గుడ్డతో నాలుగుసార్లు తుడిచింది. గొట్టంలోకి తీగ పంపి మిగిలిన పీచు లాగింది. ఆయన వంచిన చోట కడ్డీని ఇటుక మీద పెట్టి సరిచేసింది, ఆ సంగతి ఎత్తలేదు. తాడు పళ్ళను మోటారు వైపు తిప్పి లోపలికి దించింది. "బంద్ చెయ్యండి సార్."

ఆయన చేశాడు. తాడు సర్రున లోపలికి పాకింది, దాని వెనక కడ్డీ. గిన్నె మూత తీసి మర బిగించింది.

"పెట్టండి."

కడ్డీ ఒక్కో కణుపే బయటికి జారుతూ, ఎక్కడా ఆగకుండా, ఆమె తల కన్నా ఎత్తుకు లేచి నిలబడింది. రేడియోలో ఎవరో కొబ్బరి నూనె ప్రకటన చదువుతున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జ్యోతి కొట్టింది.

గదిలో దయాకర్ కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. స్వరూప సంచిలోంచి గ్లాసులు తీసింది, ఒక్కొక్కటే.

"బుధవారమే తెలుసా నీకు?"

"మట్టల ఆదివారం గేటు తీస్తుంటె చూసిన. దిగి, ఆకు కట్టి, కండ్లు మూసుకుని ఏదో అనుకున్నది. మల్ల చూస్తె ఆకు లేదు. గాలికి పోయిందనుకున్న. బుధవారం టకటక అన్నప్పుడు సమజైంది."

"చెప్తే ఏమైతుండె?"

"ఏమైతుండె అంటవా? పోయిన్నెల టీవీ రిమోటు కింద పడేసిందని నాలుగు రోజులు ఆమెతోని మాట్లాడలే ఆయన. పక్కన కూసుని తింటడు, మాట్లాడడు. ఆస్పత్రికి తీస్కపోతుంటే నన్నడిగింది, 'నాయనా, నా గొంతు వినబడుతోందా?' అని."

స్వరూప పిండి కలిపింది. రొట్టె రెండు వైపులా చూసి చూసి తిప్పింది.

శనివారం కాలేజీ ముందు పదకొండు పాత కార్లు నిలబడ్డాయి. దయాకర్ పొద్దున్నే వెళ్ళి ఎర్రదాన్ని తుడిచాడు. సుగుణమ్మను ఆటోలో తీసుకురమ్మంటే స్వరూప పిల్లతో వచ్చింది. ఆటోలో ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఆ ఆకు..."

"పారేసిన అమ్మగారూ."

"నీ మొగుడు నా కొడుకుతో..."

"ఆటోల పెద్దగ మాట్లాడకుండ్రి, గాలికి దగ్గొస్తది మీకు" అంది స్వరూప. కొంగు తీసి ఆమె చెవులకు అడ్డం పెట్టింది. తార్నాక సిగ్నల్ దగ్గర వాళ్ళిద్దరూ ఎదురు బస్సు వంకే చూశారు.

శాంతికుమార్ కోటు వేసుకున్నాడు. చుట్టూ తెల్ల జుట్టు స్నేహితులు. "బటన్ నొక్కు, బటన్ నొక్కు!" నొక్కాడు. కడ్డీ లేచింది. ఒకాయన ఈల వేశాడు.

"మొన్న ఇరుక్కుపోయింది" అంటున్నాడు శాంతికుమార్. "విప్పి చూశాను. సింపుల్ మెకానిజం. కాస్త ఓపిక ఉండాలి, అంతే."

పక్కన నిలబడ్డ ప్రణీత్ తన బూట్లను పరిశీలిస్తున్నాడు. దూరం నుంచి స్వరూపను చూసి, నవ్వాలో వద్దో తెలియక, తల గోక్కున్నాడు. ఆమెకు కోపం రాలేదు. ఆశ్చర్యమూ వేయలేదు. ఈ మనిషి అబద్ధం కూడా కొత్తది చెప్పలేడు, అనుకుంది.

ఫోటోకు పిలిచారు. శాంతికుమార్ రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "దయాకర్, ఇలా రా." అందరూ వింటున్నారని చూసుకుని గొంతు పెంచాడు. "గది సంగతి ఇక ఎత్తను. ఉండండి." ఒక చెవి కారులో రేడియోకు తిప్పి ఉంది, గొలుసు నుంచి దాని జోడు చెవి విప్పి చాచాడు. "ఇదిగో. ఇకనుంచి బండి నువ్వే చూసుకుంటావు. రేడియో పెట్టేదీ నువ్వే, ఆపేదీ నువ్వే. రేపు ఏదైనా అయితే నిన్నే అడుగుతాను."

"అబ్బో, శాంతీ తాళం ఇస్తున్నాడురోయ్!" అని ఎవరో నవ్వారు. నాలుగేళ్ళుగా అందని తాళం. దానికి తోలు తోక, ఎర్ర బొట్టు.

స్వరూప దయాకర్ మొహం చూసింది. సరే సార్ అంటాడు. అనేస్తాడు. ఆ తాళంతో పాటు ఆయన చేతిలోంచి ఏం వస్తోందో ఇతనికి తెలుసా? జ్యోతి చంకలో కదిలితే గట్టిగా పట్టుకుంది.

దయాకర్ చేతులు తుడుచుకున్నాడు, గుడ్డతో, నిదానంగా, వేలు వేలు.

"వద్దు సార్."

"ఏమిటి?"

"తాళం మీ దగ్గరనే ఉండనియ్యుండ్రి. నేను కడుగుత."

అని బకెట్టు తీసుకుని పక్కకు జరిగాడు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. ఫోటో తీసేవాడు పిలుస్తూనే ఉన్నాడు. కారులో రేడియో పాడుతూనే ఉంది, బ్యాటరీ దిగిపోతుందని ఎవరో అన్నారు.

శాంతికుమార్ తిరిగి కారు దగ్గరికి నడిచాడు. తలుపు తీసి, వంగి, బటను మీద వేలు పెట్టాడు. నొక్కబోయి ఆగాడు. కోటు మెడ దగ్గర బిగుసుకుంటున్నా, తల వెనక్కి తిప్పి కడ్డీని మొదలు నుంచి కొస దాకా చూశాడు.

అప్పుడు నొక్కాడు.